డైనోసార్లు ఎలా అరిచేవో ఎముకలు చూసి ఎలా చెప్తున్నారు?

చిన్నూవాళ్ళమ్మ

నమస్తే అందరికీ. పోయిన ఆదివారం మా బాబుని తీసుకుని బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్ళాను, వాడికి ఎనిమిదేళ్ళు, డైనోసార్లంటే ప్రాణం. అక్కడ కోటసారస్ అస్థిపంజరం ఉంది కదా, మన తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర దొరికింది, దాని కింద నిలబడి మెడ పైకెత్తి చాలాసేపు చూసి "అమ్మా, ఇది ఎలా అరిచేది?" అన్నాడు. నేను సినిమాల్లో విన్నట్టే గర్జించేదిరా అన్నా. వాడు ఊరుకోలేదు, "గొంతు లేదు కదా, ఎముకలే ఉన్నాయి కదా, మరి సినిమావాళ్ళకెలా తెలిసింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి యూట్యూబ్‌లో వెతికితే డైనోసార్ అసలు శబ్దం అంటూ బోలెడు వీడియోలు, ఒకదాంట్లో ఓడ హారన్‌లా ఉంది, ఒకదాంట్లో పులిలా, ఇంకోదాంట్లో పావురంలా. అందరూ సైంటిస్టులు తేల్చేశారనే అంటున్నారు. ఇందులో కొలిచి చెప్పింది ఎంత, ఊహించి చెప్పింది ఎంత? ఎముక నుంచి శబ్దం దాకా అసలు ఎలా వెళ్తారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. నేను చదివింది బీకాం, సైన్స్ టెన్త్‌తో ఆగిపోయింది, కానీ పొడుగ్గా రాసినా ఓపిగ్గా చదువుకుంటాను. వాడికి మళ్ళీ తప్పు చెప్పడం ఇష్టం లేదు.

నల్లబల్ల_మాస్టారు

అమ్మా, ఒక్క డైనోసార్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే శబ్దం విషయంలో అన్నిటికన్నా ధైర్యంగా మాట్లాడగలిగేది దాని గురించే. పేరు పారాసారోలోఫస్. ఆకులలములు తినేది, మూతి బాతు ముక్కులా ఉంటుంది, నెత్తిమీద వెనక్కి వంగిన పొడవాటి తురాయి. ఈ తురాయి గట్టి కొమ్ము కాదు, లోపలంతా గొట్టాలు. ముక్కు రంధ్రాల దగ్గర మొదలై తురాయి చివరిదాకా వెళ్ళి, అక్కడ మడత తిరిగి, మళ్ళీ వెనక్కొచ్చి గొంతులో కలుస్తాయి. అంటే అది పీల్చిన గాలి తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోకుండా నెత్తిమీద ఒక చుట్టు తిరిగి పోయేది. మీ ఇంట్లో పూజ శంఖం ఉంటే చూడండి, బయటికి జానెడే ఉంటుంది, లోపల గాలి నడిచే దారి మాత్రం చుట్టలు చుట్టుకుని చాలా పొడవు, అలాంటిదే అనుకోండి.

మొదట్లో దీన్ని చూసి రకరకాలుగా అనుకున్నారు. నీళ్ళలో మునిగి ఆ గొట్టంతో గాలి పీల్చేదని కొందరన్నారు, కానీ తురాయి కొసన రంధ్రమే లేదు, ఇంక పీల్చేదెక్కడ. గాలి నిలవ చేసుకునేదన్నారు, వాసన బాగా పట్టడానికన్నారు. 1931లో కార్ల్ వీమాన్ అనే స్వీడన్ ఆయన ఇది శబ్దం కోసమే అన్నాడు, అని ఊరుకోకుండా ఆయన వర్ణించిన జాతికి టూబిసెన్ అని పేరు పెట్టాడు, లాటిన్‌లో బూర ఊదేవాడని అర్థం. ఆ తర్వాత 1981లో డేవిడ్ వైషాంపెల్ అనే ఆయన గొట్టాల కొలతలు తీసుకుని లెక్కలు కట్టాడు, పీవీసీ పైపులతో మోడల్ చేసి ఊది కూడా చూశాడు.

లెక్క ఏమంత కష్టం కాదు. ఖాళీ సీసా అంచు మీద ఊదితే బూమ్మంటుంది కదా, అందులో నీళ్ళు పోస్తే అదే శబ్దం సన్నబడుతుంది. లోపలున్న గాలి స్తంభం ఎంత పొడవుంటే శ్రుతి అంత కిందికి దిగుతుంది. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టమైతే శబ్ద వేగాన్ని గొట్టం పొడవుకి రెట్టింపుతో భాగించాలి, అంతే. ఎక్కడం దిగడం కలిపి గొట్టం 3 మీటర్లు అనుకుందాం. సెకనుకి 340 మీటర్లని 6తో భాగిస్తే దాదాపు 57 హెర్ట్జ్, అంటే గాలి సెకనుకి 57 సార్లు అదరడం. మగవాళ్ళు మామూలుగా మాట్లాడే గొంతు 100 హెర్ట్జ్ పైన ఉంటుంది. మన వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మంటూ ఉంటుంది చూశారా, అది 100 హెర్ట్జ్ శబ్దం. దానికి కూడా ఇంచుమించు సగం ఇది. చెవికి వినపడేదానికన్నా గుండె మీద తెలిసేదే ఎక్కువ.

ఇందులో ఇంకో విశేషం ఉంది. 57 హెర్ట్జ్ శబ్దానికి ఒక్కో అల పొడవు 6 మీటర్లు. చెట్టు మాను మహా అయితే ఒక మీటరు మందం. అంత పెద్ద అలకి చెట్టు అడ్డమే కాదు, చుట్టూ తిరిగి ముందుకి పోతుంది. అడవిలో ఎక్కడో మేస్తున్న మందకి కబురు పంపాలంటే ఇంతకన్నా మంచి గొంతు ఉండదు. సన్నటి కూతలైతే ఆకుల్లోనే చెదిరిపోతాయి.

మీ బాబుకి ఇది చేతితో చూపించొచ్చు. పైపుల షాపులో పీవీసీ పైపు 10 అడుగులది దొరుకుతుంది, అంటే దాదాపు 3 మీటర్లే. దాంతోపాటు ఒక అడుగు ముక్క కూడా తీసుకోండి. రబ్బరు చెప్పుతో గొట్టం మూతి మీద కొట్టి వెంటనే తీసెయ్యాలి. ముందు చిన్నది, తర్వాత పెద్దది. ఆ తేడా విన్నాక వాడికి నేను రాసిందంతా చెప్పనక్కర్లేదు.

టొరంటో_రాజమండ్రి

మాస్టారు చెప్పిన పారాసారోలోఫస్ మొదటి పుర్రె మా ఊరి మ్యూజియంలోనే ఉందండి, రాయల్ ఒంటారియో మ్యూజియం. 1920లో అల్బర్టాలో టొరంటో యూనివర్సిటీవాళ్ళు తవ్వితే దొరికింది, 1922లో విలియం పార్క్స్ దానికి పేరు పెట్టాడు. నేను కనీసం పదిసార్లు చూసుంటాను, అయినా వెళ్ళిన ప్రతిసారీ ముందు దాని దగ్గరికే పోతాను. పక్కనుంచి చూస్తే ముఖం ఎంత ఉందో ఆ తురాయి అంతకన్నా పొడుగు, అంత బరువు మోసుకుని తిరిగిందంటే దాంతో ఏదో పెద్ద పనే ఉండి ఉంటుందని మన మనసుకే తడుతుంది.

తురాయి లోపలేముందో ఇప్పుడు దాన్ని పగలగొట్టకుండానే చూస్తున్నారు. 1995 ఆగస్టులో న్యూ మెక్సికోలో ఇంకో పారాసారోలోఫస్ పుర్రె దొరికింది, తురాయి ఒక్కటే దాదాపు నాలుగున్నర అడుగులు. దాన్ని మనుషులకి తీసినట్టే సీటీ స్కాన్ తీశారు, 3 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున సుమారు 350 అడ్డకోతలు. బ్రెడ్డు ముక్కల్లా ఒక్కోటీ పక్కపక్కన పేర్చుకుంటూ పోతే లోపలి దారి మొత్తం కంప్యూటర్లో నిలబడుతుంది. న్యూ మెక్సికో మ్యూజియం తరఫున టామ్ విలియమ్సన్, శాండియా నేషనల్ ల్యాబ్స్ తరఫున కార్ల్ డీగర్ట్ రెండేళ్ళు కూర్చుని చేశారు. కోట్ల ఏళ్ళు మట్టి కింద ఉండి అక్కడక్కడా నలిగిపోయింది కదా, ఆ వంకరలన్నీ కంప్యూటర్లో సరిచేసుకుంటూ పోతే గొట్టాలు ముందు అనుకున్నదానికన్నా చాలా చిక్కుగా ఉన్నాయని తేలింది. 1997 డిసెంబర్లో ఆ శబ్దం బయటికి వదిలారు. మేడం విన్న ఓడ హారన్ వీడియో బహుశా అదే అయ్యుంటుంది.

కానీ ఒక్కటి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. దానికి గొంతులో స్వరపేటిక లాంటిది ఉందో లేదో తెలియదు కాబట్టి వాళ్ళు ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి రెండు రకాలుగా శబ్దాలు చేశారు. అదొక్క జవాబు కాదు, అది రెండు "ఒకవేళ"లు. నాకు ఆ పని మీద గౌరవం పెరిగింది ఇది తెలిశాకే.

సన్నాయి_మనవడు

నేను సైన్స్ మనిషిని కాదండి, మా తాతగారు సన్నాయి వాయించేవారు, నేను కూడా కొన్నాళ్ళు నేర్చుకున్నాను కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. సన్నాయిలో గొట్టం ఎంత మంచి చెక్కతో చేసినా మూతి దగ్గర పీక లేకపోతే అది వట్టి చెక్కే. శబ్దం పుట్టేది పీక దగ్గర, మా తాతగారు దాన్ని పెదాల మధ్య పెట్టి నాలుకతో తడిపి తడిపి ఒక పదును వచ్చేదాకా ఊదేవారు, గొట్టం ఆ శబ్దాన్ని పట్టుకుని పెద్దది చేస్తుంది, శ్రుతిలో నిలబెడుతుంది. పీక మారిస్తే అదే గొట్టం వేరే మనిషిలా పలుకుతుంది. ఇప్పుడు ఈ డైనోసార్ విషయంలో గొట్టం దొరికింది, పీక దొరకలేదు. అంతే కదా మాస్టారూ? అలాంటప్పుడు శ్రుతి చెప్పగలం గానీ దాని నాదం ఎలా ఉండేదో, గరగరలాడేదో మెత్తగా ఉండేదో ఎలా చెప్తారు?

నల్లబల్ల_మాస్టారు

బాబూ, నేను అంత పొడుగు రాసి చెప్పలేకపోయింది నువ్వు రెండు ముక్కల్లో చెప్పావు. అవును, అంతే. 57 అనేది గొట్టం చెప్పే అంకె. దాని స్వభావం చెప్పాల్సింది గొంతు. ఆ గొంతు సంగతి జువాలజీ వాళ్ళు ఎవరైనా వస్తే బాగుంటుంది.

జెముడుకాకి

నేను తిరుపతిలో జువాలజీ పీజీ చేస్తున్నా, పక్షులు నా సబ్జెక్టు, కాబట్టి గొంతు గురించి నాకు తెలిసినంత రాస్తా, కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

డైనోసార్ల చుట్టాలు ఇప్పటికీ రెండు వైపులా బతికున్నారు అక్కా. ఒకవైపు మొసళ్ళు, ఇంకోవైపు పక్షులు. పక్షులు చుట్టాలు కూడా కాదు, నేరుగా డైనోసార్ల సంతానమే. సైంటిస్టులు చేసేదేంటంటే, ఈ ఇద్దరిలోనూ ఉన్న లక్షణం మధ్యలో ఉన్న డైనోసార్లకి కూడా ఉండే ఛాన్స్ ఎక్కువ అనుకుంటారు. ఇద్దరిలో వేరేవేరేగా ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. గొంతు దగ్గర వచ్చిన చిక్కు సరిగ్గా అదే. మొసలికి శబ్దం పుట్టేది మనకిలాగే గొంతు పైన ఉన్న స్వరపేటికలో. పక్షికి అక్కడ పుట్టదు, ఇంకా కిందికి వెళ్ళి శ్వాసనాళం రెండుగా చీలే చోట సిరింక్స్ అని ఒకటుంటుంది, అక్కడ పుడుతుంది. కోయిల పాడినా కాకి అరిచినా అంతా దాని పనే. మరి డైనోసార్‌కి ఏది ఉండేది?

సిరింక్స్ శిలాజాల్లో అన్నిటికన్నా పాతది అంటార్కిటికాలో దొరికింది, వేగావిస్ అనే పక్షిది, బాతుల చుట్టమని చెప్తారు. 1992లో తవ్విన రాయి, అందులో సిరింక్స్ ఉందని జూలియా క్లార్క్ వాళ్ళు 2016లో చెప్పారు. వయసు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ పైమాటే, అంటే పెద్ద డైనోసార్లు ఇంకా తిరుగుతున్న రోజులు. కానీ పక్షులు కాని డైనోసార్లలో ఒక్కదానిక్కూడా సిరింక్స్ ఇంతవరకు దొరకలేదు. ఉండి కూడా దొరకలేదా, అసలు లేదా అన్నది వేరే మాట.

స్వరపేటిక మాత్రం దొరికింది! 2023లో జున్కి యోషిదా అనే జపాన్ సైంటిస్టు వాళ్ళు మంగోలియాలో దొరికిన పినకోసారస్ అనే కవచం డైనోసార్ గొంతుని వర్ణించారు, పక్షి కాని డైనోసార్‌కి స్వరపేటిక శిలాజం అదే మొదలు. ఆకారం చూస్తే కదలడానికి బాగా వీలుగా ఉంది, శబ్దం మార్చుకోవడానికి పక్షుల్లా వాడుకునేదేమో అన్నారు. నేను ఆ పేపర్ హాస్టల్లో రాత్రంతా కూర్చుని చదివాను, కోట్ల ఏళ్ళ కిందట ఒక జంతువు నోరు తెరిచినప్పుడు కదిలిన ముక్క అది అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 2025లో చైనా నుంచి పులావోసారస్ అని ఇంకోటి వచ్చింది, చిన్న ప్రాణి, దాని గొంతు ఎముకలూ మిగిలాయి.

ఇంక పావురం వీడియో సంగతి. అక్కా మీ బాల్కనీలో పావురాలు వాలతాయి కదా, రేపు ఒకటి కూసేటప్పుడు దగ్గర్నుంచి ముక్కు చూడండి. మూసే ఉంటుంది. గొంతు కింద సంచి మాత్రం ఉబ్బుతుంది, మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి, శబ్దం ఆ చర్మంలోంచి బయటికొస్తుంది. నిప్పుకోడి కూడా గొంతు ఉబ్బించి ఇలాగే బూమ్ అంటుంది. దీన్ని మూసిన నోటి కూత అంటారు. 2016లో టోబియాస్ రీడె, జూలియా క్లార్క్ వాళ్ళు 208 జాతుల పక్షుల్ని పరిశీలిస్తే 52 జాతులు ఇలా కూస్తున్నాయి, పైగా ఈ అలవాటు పక్షుల్లో కనీసం 16 సార్లు విడివిడిగా పుట్టింది, అది కూడా ఒంటి సైజు కాస్త పెద్దగా ఉన్నవాటిలోనే. మొసళ్ళు కూడా నోరు మూసుకునే గుర్‌మని శబ్దం చెయ్యగలవు. అమెరికా ఎలిగేటర్ మగది గట్టిగా అరిచేముందు దాని వీపు మీద నీళ్ళు పెనం మీద చుక్కల్లా ఎగురుతాయి, అది మన చెవికి అందనంత కింది స్థాయి శబ్దం వల్ల. ఇటు మొసలీ అటు పక్షీ రెండూ చేస్తున్నాయంటే పెద్ద పెద్ద డైనోసార్లు కొన్నయినా అలా చేసి ఉండొచ్చు అని వాళ్ళ వాదన. అంటే జురాసిక్ పార్క్ సినిమాలో టీ రెక్స్ నోరంతా తెరిచి గర్జించే బదులు, అసలుది నోరు మూసుకుని భూమి అదిరేలా మూలిగి ఉండొచ్చు. ఆ సినిమా గర్జనకి ఏనుగు పిల్ల, పులి, ఎలిగేటర్ గొంతులు కలిపారు, అందులో ఎలిగేటర్ ఒక్కటే కాస్త దగ్గరి చుట్టం.

నా ఫేవరెట్ కాసోవరీ. ఆస్ట్రేలియా, న్యూ గినీ వైపు ఉంటుంది, నెత్తిమీద దానికీ తురాయి. 23 హెర్ట్జ్ దాకా కిందికి దిగుతుంది దాని గొంతు. మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుంది కదా, అంటే ఇంకొంచెం దిగితే మనకి వినపడదు. బతికున్న డైనోసార్ గొంతు వినాలంటే నేనైతే అదే వింటాను.

టొరంటో_రాజమండ్రి

తమ్ముడూ చాలా బాగా రాశావు. చెవి సంగతి కూడా కలుపు, గొంతుకన్నా అదే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది నాకు.

జెముడుకాకి

నిజమే అన్నా, మర్చిపోయా. గొంతు మెత్తటిది, కుళ్ళిపోతుంది. లోపలి చెవి అలా కాదు, పుర్రె ఎముకలో తొలిచిన గుంట అది, మెత్తటి భాగం పోయినా గుంట మిగులుతుంది. మనకి కాక్లియా, అంటే అందులో శబ్దం పట్టే భాగం, నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది, పక్షులకీ మొసళ్ళకీ కాస్త వంగిన గొట్టంలా ఉంటుంది. అది పొడవుగా ఉన్న జంతువులు సన్నటి శబ్దాలు కూడా వింటాయి, పొట్టిగా ఉన్నవి మంద్రంగా ఉన్నవే ఎక్కువ వింటాయి అని బతికున్న పక్షుల మీదా సరీసృపాల మీదా కొలిచి చూశారు. ఇంక డైనోసార్ పుర్రె స్కాన్ చేసి ఆ గుంట కొలిస్తే అది ఏం వినగలిగేదో ఒక అంచనా వస్తుంది. ఏ జంతువైనా తనకి వినపడని గొంతుతో తనవాళ్ళని పిలవదు కదా, కాబట్టి చెవి తెలిస్తే గొంతు ఎక్కడ ఉండేదో గిరి గీసినట్టే.

2009లో డేవిడ్ ఎవాన్స్, లారెన్స్ విట్మర్ వాళ్ళు తురాయి డైనోసార్ల చెవులు ఇలా చూస్తే కింది శ్రుతులు బాగా వినేవని తేలింది. మాస్టారు చెప్పిన గొట్టం లెక్క ఒకవైపు నుంచి, ఈ చెవి లెక్క ఇంకోవైపు నుంచి వచ్చి ఒకచోటే కలిశాయి. అందుకే పారాసారోలోఫస్ లాంటివాటి గురించి అంత నమ్మకం. మంగోలియాలో షువూయా అని కోడి సైజు డైనోసార్ ఉంది, దాని చెవి గుంట చీకట్లో వేటాడే చావు పిట్ట అనే గుడ్లగూబ చెవిలా ఉందని 2021లో చెప్పారు, అంటే రాత్రిపూట పురుగు కదిలిన అలికిడి వినేదన్నమాట. అదే ఏడాది భుల్లర్ అనే సైంటిస్టు వాళ్ళు ఇంకో మాట అన్నారు, ఈ పొడవాటి చెవి డైనోసార్లకీ మొసళ్ళకీ ఉమ్మడి పూర్వీకుల్లోనే మొదలైంది, బహుశా పిల్లల సన్నటి కూతలు వినడానికే అని. మొసలి పిల్లలు గుడ్డులో ఉండగానే కీచుమంటాయి, అది విని తల్లి వచ్చి మట్టి తవ్వి బయటికి తీస్తుంది. ఆ కాలపు డైనోసార్ తల్లులు కూడా అలాగే విన్నాయేమో. చిన్నూకి ఇది చెప్పండక్కా, వాడికి నచ్చుతుంది.

అడ్డుపుల్ల

అందరూ బాగా రాశారు కానీ ఒకటి రెండు విషయాల్లో నాకు పేచీ ఉంది, గొడవ కోసం కాదు, బాబుకి చెప్పేటప్పుడు ఇవి కూడా చెప్పాలని.

మొసలి గొంతు వేరు, పక్షి గొంతు వేరు అన్నారు కదా. అలాంటప్పుడు ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడికి అసలు గొంతే లేకపోయి ఉండొచ్చు, ఎవరికి వాళ్ళు తర్వాత తెచ్చుకుని ఉండొచ్చు. 2008లో ఫిల్ సెంటర్ అనే ఆయన సరిగ్గా ఇదే వాదించాడు, డైనోసార్లు బుస కొట్టడం, దవడలు టపటపలాడించడం, నీళ్ళు చిమ్మడం లాంటి శబ్దాలతోనే బతికి ఉండొచ్చని. పినకోసారస్ దొరికాక ఆ వాదన బలం తగ్గింది, నేను ఒప్పుకుంటా, కానీ వేల జాతుల్లో ఒకటి రెండింటి గొంతు చూసి అన్నిటికీ అంటగట్టకూడదు.

రెండోది మెత్తటి భాగాలు. మన దేశంలోనే ఘరియాల్ ఉంది, చంబల్ నదిలో ఉండే సన్నమూతి మొసలి. పెద్ద మగదానికి ముక్కు కొసన కుండలా ఒక బొడిపె ఉంటుంది, హిందీలో ఘడా అంటే కుండ కదా, ఆ పేరే దానికొచ్చింది. ఆ బొడిపె వల్లే దాని శబ్దం ప్రత్యేకంగా మారుతుంది. కానీ అది ఎముక కాదు, కండ. చచ్చిపోయాక ముక్కు చుట్టూ ఎముకలో చిన్న పల్లం తప్ప ఏమీ మిగలదు. ఘరియాల్ అంతరించిపోయి మనకి పుర్రె ఒక్కటే దొరికి ఉంటే ఆ కుండని ఎవరైనా ఊహించేవారా? పావురం గొంతు సంచి కూడా అంతే, ఎముకల్లో దాని ఆనవాలే ఉండదు.

మూడోది, సైంటిస్టుల మాట మారుతుంది, అది తప్పు కాదు. 1997లో అపటోసారస్ తోక కొరడాలా కొడితే శబ్ద వేగాన్ని దాటి ఫెళ్ళుమనేదని కంప్యూటర్ మోడల్‌తో చూపించారు, అందరం నమ్మాం, నేను కూడా. 2022లో ఇంకో బృందం మళ్ళీ లెక్క కడితే అంత వేగానికి ఆ చర్మం, కీళ్ళు తట్టుకోలేవు తెగిపోతాయి, తోక కొస మహా అయితే సెకనుకి 30 మీటర్ల దగ్గర ఆగుతుంది అన్నారు. శబ్ద వేగంలో పదో వంతు కూడా లేదు. ఇవాళ మనం రాసుకున్న వాటిలో ఏది రేపు ఇలా మారుతుందో.

చిన్నూవాళ్ళమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. రెండుసార్లు చదివాను, రాత్రి వాడికి అన్నం తినిపిస్తూ చదివి వినిపించాను కూడా. అడ్డుపుల్ల గారూ మీరు రాసింది విని వాడు నిరాశ పడతాడనుకున్నా, పడలేదు, ఘరియాల్ బొమ్మ చూపించమని వెంటపడ్డాడు.

పొద్దున్నే బాల్కనీలో పావురం దగ్గర కూర్చున్నాం ఇద్దరం. ముక్కు నిజంగానే మూసి ఉంది! ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నా, ఒక్కసారి కూడా గమనించలేదు.

ఇప్పుడు వాడి అసలు ప్రశ్న ఇంకా మిగిలిపోయింది. కోటసారస్ సంగతేంటి?

జెముడుకాకి

అక్కా దాని గురించి చెప్పాలంటే బాధగా ఉంటుంది. యామన్‌పల్లి దగ్గర ఒకే చోట 840 ఎముకల దాకా దొరికాయి, తక్కువలో తక్కువ 12 జంతువులవి, 1988లో జియొలాజికల్ సర్వేలో పనిచేసిన యాదగిరి గారు దానికి పేరు పెట్టారు. కాళ్ళున్నాయి, వెన్నెముకలున్నాయి, నడుము ఎముకలున్నాయి. పుర్రె లేదు. తల తరఫున దొరికింది రెండే రెండు పళ్ళు. పుర్రె లేదంటే చెవి గుంట లేదు, ముక్కు దారి లేదు. గొంతు ఎటూ లేదు. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్న ఏ కొలతా దాని మీద పనిచెయ్యదు. మ్యూజియంలో చూసిన తల వేరే చుట్టాల తలలు చూసి చేసినదే అనుకోవాలి.

ఒంటి సైజుని బట్టి గొంతు మంద్రంగా ఉండి ఉంటుంది అనొచ్చు, పెద్ద ఒళ్ళు ఉన్నవాటికి సాధారణంగా అంతే కాబట్టి. అంతకన్నా నేను చెప్పను. కాకపోతే చిన్నూకి ఇది చెప్పండి. స్వరపేటికకి వెళ్ళే నరం ఒకటుంది, మనక్కూడా ఉంది, అది మెదడు నుంచి నేరుగా గొంతుకి రాదు, ఛాతీలోకి దిగి గుండె దగ్గర ఒక పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని మళ్ళీ పైకెక్కి గొంతుకి వస్తుంది. జిరాఫీకి కూడా అదే దారి. కోటసారస్ జాతి పొడవు మెడ డైనోసార్లకీ అదే దారి అయ్యుండాలి. సూపర్‌సారస్ లాంటిదానికి మెడే 14 మీటర్లు, కిందికి పైకి కలిపి ఆ నరం 28 మీటర్లకి తక్కువ ఉండదని మ్యాట్ వెడెల్ 2012లో లెక్క కట్టాడు. అది ఏ శబ్దం చేసినా సరే, చెయ్యమనే కబురు అంత దూరం నడిచి వెళ్ళాలి.

చిన్నూవాళ్ళమ్మ

చెప్పాను తమ్ముడూ. పుర్రె దొరకలేదంటే కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "అక్కడే ఇంకా మట్టిలో ఉందేమో కదమ్మా" అన్నాడు. ఉండొచ్చు నాన్నా అన్నాను.

మాస్టారూ, సాయంత్రం పైపులు తెచ్చాం. 10 అడుగులది ఆటోలో పట్టదు కదా, వాళ్ళ నాన్న ఒక కొస, వాడొక కొస పట్టుకుని షాపు నుంచి నడిచే వచ్చారు. మేడ మీద గోడ మీద ఆనించి మీరు చెప్పినట్టే చెప్పుతో కొట్టాం. అడుగు ముక్క టప్ మంది. పెద్దదానికి కొట్టినప్పుడు శబ్దం మూతి దగ్గర కాకుండా లోపల ఎక్కడో పుట్టి వచ్చినట్టు ఉంది, అవతలి కొస దగ్గర అరచెయ్యి పెడితే గాలి తోసినట్టు తెలిసింది. పారాసారోలోఫస్ పిల్లకి తురాయి చిన్నది కాబట్టి పిల్ల గొంతు సన్నగా ఉండేదా అని వాడే అడిగాడు, నేనేమీ చెప్పకముందే.

టొరంటో_రాజమండ్రి

బాబు సరిగ్గా పట్టుకున్నాడు మేడం. 2009లో అమెరికా యూటాలో ఒక హైస్కూల్ కుర్రాడి కంట పడింది పారాసారోలోఫస్ పిల్ల, ఏడాది కూడా నిండలేదు అది చనిపోయేనాటికి. తురాయి ఇంకా నుదుటి మీద చిన్న బొప్పి అంతే ఉంది. లోపలి గొట్టం పొట్టిది, కాబట్టి పెద్దవాటికన్నా సన్నటి గొంతే ఉండేదని 2013లో దాన్ని వర్ణించినవాళ్ళు కూడా అన్నారు.

చిన్నూవాళ్ళమ్మ

ఇది వాడికి చూపిస్తే ఇంక నిద్రపోడు ఇవాళ. ఒక చిన్న సాయం, కోరిథోసారస్ అని ఇంకో తురాయి డైనోసార్ పేరు ఎక్కడో చదివాడు, దాని లోపలి గొట్టం పొడవు ఎంతో ఎవరికైనా తెలిస్తే మీటర్లలో రాయండి, ఆ కొలతకి ఇంకో పైపు కోయించుకోవాలంటున్నాడు. షాపాయన ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటాడు.